ఉదరనృత్య జన్మవాదములు : ఒక విమర్శ

1893వ సంవత్సరమున చికాగో నగరమునందు జరిగిన ప్రపంచ మహాప్రదర్శనము తెలుగువారికి వివేకానందస్వామి మూలమున పరిచితము. ఆ సందర్భముననే కూడిన సర్వమత మహాసభలో సెప్టెంబరు 11వ తేదీన ఆయన చేసిన ప్రసంగమును గూర్చి మన భాషలో వెలసిన రచనలు పెక్కులు. కాని ఆ ప్రదర్శనమునకు అనుబంధముగా 'మిడ్‌వే ప్లెజాన్స్' అను వినోదవీథి యొకటి ఏర్పడినదనియు, అందు కైరోవీథి, అల్జీరియా గ్రామము, తుర్కీ గ్రామము, పారసీక భవనము అను పేర్లతో నిర్మించిన శాలలలో నర్తకులు ఆడిరనియు, ఆ వేర్వేరు దేశముల ఆటలన్నిటికిని కలిపి అమెరికా జనులు వాడిన పేరొకటి నేటికిని లోకమున నిలిచి యున్నదనియు ఎరిగినవారు మనలో తక్కువ. ఆ పేరు 'బెల్లీ డాన్సు'. దానిని మనము ఉదరనృత్యమని తెనిగించుకొంటిమి. సంస్కృతీకరించుకొంటిమనుట మరింత నిజము.

ఈ నృత్యమెచట పుట్టినదను ప్రశ్నకు గడచిన రెండు శతాబ్దములలో వచ్చిన సమాధానములు పరస్పరము పొసగనివి. ఫారోల నాటి ఈజిప్టునందని కొందరు, ఫినీషియనుల ఓడరేవులందని కొందరు, మాతృదేవతారాధన చేసిన ఆదిమ సమాజములందని కొందరు, భారతదేశమునుండి వెడలిన సంచారజాతుల కాళ్లవెంట పోయినదని కొందరు చెప్పిరి. ప్రతివాదమునకును గ్రంథములు కలవు, చిత్రములు కలవు, నమ్మినవారు కలరు. వీనిలో ఏది నిజమని తేల్చుట ఈ వ్యాసోద్దేశము కాదు. ఈ వాదములు ఎట్టి సాక్ష్యముపై నిలిచినవో, ఎవరి అవసరముకొరకు పుట్టినవో విచారింపదలచితిమి. ఒక కళకు పుట్టుక కట్టినపుడు ఒకరికి గౌరవము దక్కును, మరియొకరి చేతినుండి అది జారిపోవును. ఈ నృత్యము విషయమున జారిపోయినది ఎవరి చేతినుండియో చూడవలసి యున్నది.

ముందుగా పేరు సంగతి. చికాగోకు నాలుగేండ్లు ముందు, ఈఫిల్ గోపురము లేచిన 1889వ సంవత్సరమున, పారిసు ప్రదర్శనములో 'కైరో వీథి' జనమును విశేషముగా ఆకర్షించెను. ఫ్రెంచివారు అప్పటికే 'దాన్స్ దు వాంత్ర్' అను మాటను వాడుచుండిరి. 'పొట్ట ఆట' అని దాని ముక్కస్య ముక్కార్థము. అదే ప్రదర్శనమున అల్జీరియా బృందమును చూచి వారిని అమెరికాకు రప్పించిన వ్యాపారి సోల్ బ్లూమ్. ఆయన తరువాత న్యూయార్కునుండి అమెరికా ప్రతినిధిసభకు ఎన్నికయ్యెను. 1948లో వెలువరించిన ఆత్మకథలో ఆ ఫ్రెంచి మాటకు అర్థము తెలిసినంతనే జనులు ఇది తప్పక అశ్లీలమై యుండునని తలచి విరగబడి వచ్చిరని ఆయన దాపరికము లేకుండ చెప్పెను. 'లిటిల్ ఈజిప్ట్' అను నర్తకి చికాగోలో ఆడి పేరొందెనని అమెరికాలో గట్టి ప్రతీతి యున్నది. అట్టి పేరుగల నర్తకి అచట ఆడనేలేదని బ్లూమే వ్రాసెను. పాములవాని నాదస్వరమును తలపించు నొక బాణి అమెరికా వినోదశాలలలో తూర్పుదేశమునకు గుర్తుగా నిలిచినది. దానిని పియానోపై తానే అప్పటికప్పుడు కూర్చితినని కూడ ఆయన చెప్పుకొనెను. వ్యాపారి మాటను పూర్తిగా నమ్మవలసిన పని లేదు. కాని ఒక ప్రాచీనకళకు ప్రాచీనచిహ్నములుగా చెలామణియైన వానిలో కొన్నింటి వయస్సు ఎంతయో ఇందువలన తెలియుచున్నది.

ఆ దేశములలో ఈ నృత్యములకు పొట్టతో సంబంధించిన పేరే లేదు. ఈజిప్టున రంగస్థలముపై ఆడుదానిని 'రక్స్ షర్కీ' అందురు. తూర్పు నృత్యమని అర్థము. ఇండ్లలో, పెండ్లిండ్లలో ఆడుదానిని 'రక్స్ బలదీ' అందురు. 'బలద్' అనగా దేశము, ఊరు. మన లాక్షణికులు 'దేశి' అను మాటకు చెప్పిన అర్థమునకు ఇది ఎంతయో దగ్గర. తుర్కీవారి 'చిఫ్తెతెల్లి' రెండు తీగెలు అను అర్థముగల మాటనుండి వచ్చినది. అది వాద్యమునకు సంబంధించినది. గ్రీసుదేశమున 'త్సిఫ్తెతేలి' యని పిలుచునదియు ఆ మాటయే. 1922-23 ప్రాంతమున ఆసియా మైనరునుండి వచ్చిన గ్రీకు శరణార్థులతో దాని వ్యాప్తి పెరిగినది. ఒక్కొక్క పేరు ఒక్కొక్క సంఘటన వైపునకు చూపుచున్నది: ఒకటి రంగస్థలమునకు, ఒకటి ఇంటి వేడుకకు, ఒకటి వాద్యమునకు. వీనినన్నిటిని పొట్ట యను ఒక అంగముక్రింద కూర్చినది ప్రేక్షకుని కన్ను. అట్లు కూర్చిన పిమ్మట ఆ యొక్కదానికి ఒక తల్లి, ఒక పుట్టినిల్లు కావలసి వచ్చినవి. జన్మవాదములకు మూలమిదియే యని మా నమ్మకము.

వీనిలో మిక్కిలి ప్రఖ్యాతమైనది ఫారోల వాదము. దీనికి పండితగౌరవము కల్పించినవాడు ఎడ్వర్డ్ విలియం లేన్. ఆయన కైరోలో చాలకాలము నివసించి, అరబ్బీభాషను క్షుణ్ణముగ నేర్చి, 1836లో ఆధునిక ఈజిప్టుజనుల ఆచారవ్యవహారములను గూర్చి ప్రకటించిన గ్రంథము నేటికిని విలువ తగ్గనిది. వీథులలోను ఇండ్లముంగిళ్లలోను ఆడు గవాజీ స్త్రీలను, స్త్రీల అంతఃపురములలో పాడు ఆలిమలను వేరుచేసి చూపినది ఆయనయే. 'ఆలిమ' అనగా విద్యావతి. 'ఇల్మ్' అను విద్యావాచకమునుండి పుట్టిన మాట. యూరోపు యాత్రికులు దానిని 'ఆల్మే' యని మార్చి ఆడువారందరికిని అంటగట్టిరి. 1863లో జెరోమ్ చిత్రించిన ప్రసిద్ధ పటమునకు సైతము 'ఆల్మే నృత్య'మనియే పేరు. విద్యావతియను బిరుదు నడుము విప్పి ఆడు స్త్రీకి మారుపేరగుట ఎంత విపరీతమో మనవారు తేలికగా గ్రహింపగలరు.

ఇంత జాగ్రత్తగల పండితుడు పుట్టుక దగ్గరకు వచ్చుసరికి జాగ్రత్తను సడలించెను. ప్రాచీన ఈజిప్టు సమాధులలో విందులయందు ఆడు స్త్రీల చిత్రములు కలవు. వారి ఆట నేటి గవాజీల ఆటవంటిది. కాబట్టి ఈ నృత్యము ఎడతెగక వచ్చియుండుననియు, గవాజీలు ఆ నర్తకుల సంతతివారై యుండవచ్చుననియు ఆయన ఊహించెను. ఊహయని తెలియునట్లే వ్రాసెను. తరువాతివారు ఆ 'ఉండవచ్చును' అను మాటను తీసివైచిరి.

సమాధిచిత్రము ఏమి చెప్పగలదు? లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందు నెబమూను సమాధినుండి తెచ్చిన కుడ్యచిత్రఖండమొకటి కలదు. క్రీ.పూ. 1350 ప్రాంతమునాటిది. కూర్చున్న స్త్రీలలో ఒకతె జంటపిల్లనగ్రోవి నూదుచుండగా తక్కినవారు చప్పట్లతో తాళము వేయుచున్నారు. ప్రక్కన ఇద్దరు పడుచులు మొలనూళ్లు తప్ప వేరు వలువలు లేక ఆడుచున్నారు. ఎంతో సొగసైన చిత్రము. ఐనను అది ఒక నిలుపు మాత్రమే. ఆ నిలుపునకు ముందేమి కదలినదో, పిదప ఏమి కదలినదో చిత్రము చెప్పదు. మొలనూలు ధరించినంత మాత్రమున నడుము ఆడినదనుట, గజ్జె కట్టిన ప్రతివాడును కూచిపూడి ఆడెననుటవంటిది. ఆ చిత్రమునకును లేన్ కాలమునకును నడుమ మూడువేల సంవత్సరములకు పైగా గడచినవి. ఆ నడుమ ఆ దేశమున గ్రీకులు ఏలిరి, రోమనులు ఏలిరి. ప్రజల భాష మారినది, మతము రెండుమార్లు మారినది. అరబ్బీ వాఙ్మయమున నాట్యప్రసక్తి లేకపోలేదు. 10వ శతాబ్దివాడైన అల్ మసూదీ తన చరిత్రగ్రంథమున నాట్యమునకు తగిన తాళగతులను, నర్తకునకు ఉండవలసిన గుణములను ప్రస్తావించెను. కాని అది బాగ్దాదు ఆస్థానపు మాట. దానిని నైలునదీతీరపు సమాధులకు ముడివేయుటకు దారి లేదు.

ఈ పద్ధతిలోని చిక్కును మన విద్యార్థులు తమ యింటి ఉదాహరణముతోనే తెలిసికొనవచ్చును. కాకతి గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్ది మధ్యమున నృత్తరత్నావళిని రచించెను. 1213 నాటి పాలంపేట రామప్ప దేవాలయమునందు నర్తకీమూర్తులు కలవు. ఒకే రాజ్యము, ఒకే తరము. శాస్త్రమును శిల్పమును రెండును చేతికందినవి. వీనిని పట్టుకొని నటరాజ రామకృష్ణగారు 20వ శతాబ్ది ఉత్తరార్ధమున పేరిణిని మరల నిలిపిరి. ఆ కృషి ఎంత శ్లాఘ్యమైనను దానిని పునర్నిర్మాణమనియే పిలుచుచున్నాము గాని అవిచ్ఛిన్న సంప్రదాయమని పిలువము. శాస్త్రమును శిల్పమును కలిసియున్నచోటనే ఇంత సంయమము అవసరమైనపుడు, శాస్త్రము లేక శిల్పము మాత్రమే యున్నచోట మూడువేల యేండ్ల వంతెన కట్టుట ఎట్లు?

ఫినీషియనుల వాదమునకు ఆధారము రోమను కవులు. స్పెయినుదేశపు దక్షిణతీరమున గాదెస్ అను రేవుండెను. నేటి కాడిజ్ అదియే. అది ఫినీషియనులు స్థాపించిన పట్టణము. అచటి కన్యలు వ్రేళ్ల తాళములతో నడుము త్రిప్పుచు ఆడుటను క్రీస్తుశకము మొదటి, రెండవ శతాబ్దులలో మార్షల్, జువెనల్ అను కవులు వర్ణించిరి. చిత్రముకంటె ఇది బలమైన సాక్ష్యమని ఒప్పుకొనవలెను, కదలికను చెప్పుచున్నది గనుక. అరబ్బులు స్పెయినునకు రాక పూర్వమే ఇట్టి ఆట అచట కలదని లేన్ సైతము గమనించెను. ఐనను ఆ కవులిద్దరును హాస్యకారులు, నీతిబోధకులు. విందులో నర్తకిని చూచి మండిపడుట వారి వృత్తిధర్మము. వారి మాటవలన మధ్యధరా సముద్రపు పడమటి కొనను ఇట్టి ఆట కలదని తెలియును. అది తూర్పునుండి వచ్చినదనుటకు ఆ పట్టణమును స్థాపించినవారి జాతి తప్ప వేరు సాక్ష్యము లేదు.

ఇక మాతృదేవతావాదము. దీనిని కొంచెము నిలిచి పరిశీలింపవలెను. నేడు లోకమున ఎక్కువమంది నమ్మునది ఇదియే. ఉదరనృత్యము తొలుత ప్రసవమునకు సంబంధించిన పవిత్రక్రియయనియు, స్త్రీలు స్త్రీల యెదుట గర్భధారణమును, నొప్పులను, జననమును అభినయించెడివారనియు, పురుషుల కన్ను పడుటచేత అది దిగజారెననియు దీని సారాంశము. ఆర్మీనియా నర్తకి ఆర్మెన్ ఒహానియాన్ 1918లో ఫ్రెంచిభాషలో ప్రకటించిన జీవితస్మృతులలో ఇట్టి భావము గాఢముగ వెలువడినది. కైరోలో ఆ నృత్యమును చూచి తాను చిన్ననాట ఎరిగిన మాతృత్వనృత్యము ఇట్లు భ్రష్టమైనదే యని ఆమె దుఃఖించెను. కుర్త్ జాక్స్ 1933లో జర్మనుభాషలో ప్రకటించిన ప్రపంచనృత్యచరిత్ర లోకమందలి నాట్యములన్నిటిని సంస్కృతీమండలములుగా పంచి, ఆదిమజాతుల క్రియాకలాపమునందు నాట్యమూలములను వెదకుటకు దారి చూపినది. 1970 తరువాత అమెరికా, యూరోపు ఖండములలో స్త్రీలు ఈ నృత్యమును తమ దేహముపై తమకుగల అధికారమునకు చిహ్నముగ స్వీకరించినపుడు ఈ వాదమునకు రెక్కలు వచ్చినవి. వెండీ బువోనావెంతురా 1989లో ప్రకటించిన 'నైలు సర్పము' దానికి ఎందరో పాఠకులను సంపాదించిపెట్టినది.

ఒహానియాన్ దుఃఖమును మేము శంకింపము. కాని ఒకరి బాల్యస్మృతి ఒక ఖండపు చరిత్ర కాజాలదు. అంతకంటె పెద్ద అడ్డు మరియొకటి కలదు. లేన్ కాలపు కైరోలో 'ఖవల్' అను పురుషనర్తకులుండిరి. సగము పురుషవేషము, సగము స్త్రీవేషము ధరించి, కంచు తాళములతో అచ్చముగ గవాజీల ఆటనే వారు ఆడెడివారని ఆయన స్పష్టముగ చెప్పెను. స్త్రీలు వీథిలో ఆడుట తగదని తలచువారు తమ శుభకార్యములకు వీరిని పిలుచుకొనెడివారు. ఒట్టోమను ఇస్తాంబులున 'కోచెక్' అను బాలనర్తకులకు గల ఆదరము జగద్విదితము. ప్రసవమును అనుకరించు క్రియయే ఈ నృత్యమునకు ప్రాణమైనచో, సంప్రదాయము బలముగ నున్న కాలముననే పురుషులు దానిని వృత్తిగా ఎట్లు ఆడిరి? ఆడినను జనులు దానిని మరియొక ఆటగా ఏల తలపలేదు? ఈ ప్రశ్నకు మాతృదేవతావాదులు తృప్తికరమైన సమాధానము చెప్పగా మేము చూడలేదు. పురుషనర్తకులను తరువాతివారు మరచుటయే ఆ వాదమునకు మేలైనది.

ఈ వాదమునకు తోకగా 'ఏడు మేలిముసుగుల నృత్య'మొకటి కలదు. బాబిలోనియా దేవత ఇష్తార్ పాతాళమునకు దిగునపుడు ఏడు ద్వారములయొద్ద ఏడు ఆభరణవస్త్రములను విడిచెననియు, దాని అనుకరణమే సలోమే నృత్యమనియు చెప్పుదురు. ఇష్తార్ కథ నిజముగ ప్రాచీనము. బైబిలులో హేరోదియ కుమార్తె ఆడినదను మాట తప్ప ఆటయొక్క వర్ణనము లేదు. ఆమె పేరు సహితము సువార్తలలో లేదు, జోసీఫసు చరిత్రమునందున్నది. ఏడు ముసుగులు ఆస్కార్ వైల్డ్ 1890 ప్రాంతమున రచించిన నాటకములోని రంగసూచనతో లోకమునకెక్కినవి. ఆ రంగసూచనకు నాలుగువేల యేండ్ల వంశావళిని కట్టిపెట్టినది తరువాతివారి ఉత్సాహము.

భారతదేశవాదమును మేము ఇతరవాదములకంటె కఠినముగ పరీక్షింపవలసి యున్నది. మనకు తీపియైనది గనుక. భరతుడు నాట్యశాస్త్రమున కటికర్మలను ఐదింటిని, ఉదరకర్మలను మూడింటిని చెప్పెను. కటికి ఛిన్నము, నివృత్తము, రేచితము, ప్రకంపితము, ఉద్వాహితము. ఉదరమునకు క్షామము, ఖల్వము, పూర్ణము. నడుమును త్రిప్పుట, వణికించుట, ప్రక్కలను ఎత్తుట యను వీనిని కైరో నర్తకి ఆటతో పోల్చి, ఇదిగో మూలమనువారు మనలో కలరు. మానవునకు నడుమొక్కటియే. అది కదలగల తీరులు పరిమితములు. వానిని శ్రద్ధగా లెక్కపెట్టిన శాస్త్రము మనకుండుట గర్వకారణమే. లెక్కపెట్టినవాడే లోకమునకెల్ల నేర్పెననుట మాత్రము వ్యాకరణము వ్రాసినవాడే మాటలను పుట్టించెననుటవంటిది.

ఈ వాదమునకు రెండవ కాలు సంచారజాతులు. సాసాను వంశపు రాజు బహ్రాంగూర్ కోరికపై భారతరాజు పదివేలమంది లూరీ గాయకులను పారసీకమునకు పంపెనని ఫిర్దౌసి 1010 ప్రాంతమున ముగించిన షానామాలో చెప్పెను. బహ్రాం 5వ శతాబ్దివాడు. కవికిని కథకును ఐదువందల యేండ్లకు పైగా దూరమున్నది. యూరోపుననుండు రోమాజాతుల భాష భారతీయార్యశాఖకు చెందినదని 18వ శతాబ్ది కడపటినుండి భాషావేత్తలు నిరూపించుచు వచ్చిరి, ఇది స్థిరసత్యము. కాని ఆ భాషలో పారసీక, ఆర్మీనియా, గ్రీకు పదములు దొరకినంతగా అరబ్బీనుండి నేరుగా వచ్చినవి దొరకవు. వారి పూర్వులు అరబ్బీ మాటలాడు దేశములలో దీర్ఘకాలము నిలువలేదని భాషావేత్తలు దీనివలన ఊహించుచున్నారు. అనగా వారి ద్వారమున భారతీయనృత్యము కైరో చేరెననుటకు భాషయే అడ్డుపడుచున్నది. ఈజిప్టుననుండు సంచారజాతుల చరిత్ర వేరు. లక్సరు ప్రాంతపు గవాజీలలో తాము నవర్ జాతివారమని చెప్పుకొను కుటుంబములు నిజముగ కలవు. ఐనను ఆడువారి పూర్వులు ఎచటినుండి వచ్చిరను ప్రశ్నయు, ఆట ఎచటినుండి వచ్చెనను ప్రశ్నయు ఒకటి కావు. ఇందొక విచిత్రము కలదు. ఆంగ్లేయులు రోమాజాతులను ఈజిప్టునుండి వచ్చినవారని భ్రమించి, ఆ దేశము పేరును విరిచి 'జిప్సీ'లనిరి. ఆ భ్రమ తొలగిన పిదప, ఈజిప్టు నర్తకులు జిప్సీలనుండి వచ్చిరనుట మొదలైనది.

తెలుగుదేశమున కులపురాణములను సేకరించినవారికి ఈ వాదముల పోకడ కొత్తగా తోచదు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషుల కథ చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము చెప్పుదురు. ఆ కథలలో ప్రతికులమునకును ఒక ఋషి యుండును, ఒక దేవతాకార్యముండును, పిదప ఒక మోసముచేతనో శాపముచేతనో పతనముండును. అవి జరిగినవా యని మేము విద్యార్థులను అడుగము. చెప్పించుకొనువారు లోకమున ఏ స్థానమును కోరుచున్నారని అడుగుదుము. ఉదరనృత్య జన్మవాదములను ఈ దృష్టితో చదివినచో వాని బిగువు తెలియును. మాతృదేవతావాదమున ఋషిస్థానమున దేవి యున్నది, పురుషదృష్టి శాపము, 1970 తరువాతి స్త్రీలు శాపవిమోచనము. ఫారోల వాదమున తూర్పుదేశము మూడువేల యేండ్లు మారక నిలిచియుండవలెను. మారినచో యాత్రికునకు టిక్కెట్టు ధర దండుగ. మన వాదమున భరతుడు ఋషి. వీరెవ్వరును అసత్యవాదులు కారు. తాము చెప్పుచున్నది పురాణమని ఎరుగకపోవుటయే వారి లోపము.

ఆధారముగలది ఏదియని అడిగినచో చెప్పవలసినది కొంత యున్నది. ఉత్తర ఆఫ్రికామొదలు పారసీకము, మధ్య ఆసియా వరకు ఒంటరిగా, అప్పటికప్పుడు కల్పించుకొని ఆడు నృత్యముల కుటుంబమొకటి వ్యాపించి యున్నదని ఆంథొనీ షే చూపెను. ఇరానున చేతులు, భుజములు ఎక్కువ పలుకును. ఈజిప్టున నడుము పలుకును. దీనికి గురువు అమ్మ, మేనత్త, పాఠశాల పెండ్లియిల్లు. ఇట్టిదానికి దేవాలయమొకటి మూలమై యుండవలెనని నియమమేమియు లేదు. ఇంటిలో ఆడుదానిని డబ్బుకొరకు బయట ఆడువారు గవాజీలు. వారి కష్టములకు మాత్రము తేదీలున్నవి. 1834లో మహమ్మదాలీ ప్రభుత్వము వారిని కైరోనుండి వెడలగొట్టి దక్షిణమునకు, ఎస్నా మొదలగు ఊళ్లకు పంపినది. ఫ్లొబేర్ 1850 మార్చినెలలో ఎస్నాలో చూచిన నర్తకి అట్లు పంపబడినవారి నడుమ నున్నది. ఆమెను ఆయన 'కూచుక్ హానుం' అని వ్రాసెను. అది తుర్కీభాషలో చిన్న దొరసాని యనుట, పేరు కాదు. ఆమె తన్ను గూర్చి తాను పలుకలేదు, ఆయనయే ఆమెను పలికించెనని ఎడ్వర్డ్ సైద్ 1978లో చేసిన విమర్శ మన విద్యార్థులకు తెలిసినదే.

నేడు లోకమున ఉదరనృత్యముగ చూపబడు రంగస్థలరూపమునకు పుట్టినతావు చెప్పవచ్చును: కైరో నగరము. కాలము చెప్పవచ్చును: 20వ శతాబ్ది రెండవ పాదము. సిరియా-లెబనాను ప్రాంతమునుండి వచ్చిన బదీయా మసాబ్ని 1926లో కైరోలో తెరచిన నాట్యశాలలో ఈ ఆట ముంగిలినుండి వేదికపైకి ఎక్కినది. ఒకచోట నిలిచి ఆడునది వేదిక నాలుగుమూలలకు పాకినది; చేతులకు పని కల్పింపబడినది; పెద్ద వాద్యబృందము వెనుక నిలిచినది. తహియా కారియోకా, సామియా గమాల్ అచటనుండి చలనచిత్రములలోనికి నడచిరి. కారియోకా అను పేరు బ్రెజిలు నృత్యముది. 1933 నాటి అమెరికా చిత్రమువలన ప్రసిద్ధమై ఆమెకు అంటినది. ఇట్టి కలగూరను చూచి ఇది శుద్ధసంప్రదాయము కాదని పెదవి విరచువారు కలరు. మాకట్లు తోచదు. ఎవరు, ఎపుడు, ఎచట, ఏమి చేసిరో చెప్పగల దశ ఈ నృత్యచరిత్రలో ఇదియే. కర్తలకు పేర్లున్న దశయు ఇదియే. సైద్ 1990లో కారియోకాను గూర్చి వ్రాసిన వ్యాసమున ఆమెను నిదానమెరిగిన కళావతిగ నిలిపెను. తూర్పుదేశమున ఫ్లొబేర్ చూచినదానిని ఖండించినవాడే తన చిన్ననాటి నర్తకికి కృతజ్ఞత చెప్పుట గమనింపదగినది. కారిన్ వాన్ న్యూకెర్క్ 1995లో ప్రకటించిన గ్రంథమునకు కైరో మహమ్మదాలీ వీథిలోని గాయనీనర్తకుల మాటలే ఆధారము. తమది తక్కినవానివంటిదే యొక వృత్తియని వారి వాదము. పెండ్లికి పిలిచి ఆడించుకొన్నవారే పెండ్లిపిల్లగా తమ యింటి యువతిని అడుగరని వారెరుగుదురు. భోగము మేళములను పెండ్లిపందిట కూర్చుండబెట్టి పిదప వారిని నిషేధించిన చరిత్రగల మనకు ఆ మాటలు వివరింపనక్కరలేదు.

నర్తకులు తమ పుట్టుకను గూర్చి చెప్పిన మాటను ఇంతవరకు మేము ఎత్తలేదు. అది లేన్ గ్రంథముననే యున్నది. తాము బర్మకీల సంతతివారమని గవాజీలు చెప్పుకొనెడివారు. బర్మకీలు హారూన్ అల్ రషీదు కాలమున రాజ్యమునెల్ల తమ చేత నడపిన మంత్రివంశము. వారి దానశీలము అరబ్బీ వాఙ్మయమున సామెత. వారి పూర్వులు బాల్ఖునగరమున నవవిహారమను బౌద్ధాశ్రమమునకు అధిపతులు; బర్మక్ అను మాట 'ప్రముఖ' శబ్దభవమని పండితులు చెప్పుదురు. 803వ సంవత్సరమున ఖలీఫాకు ఆగ్రహము కలిగి జాఫరు తల తీయించెను. తక్కినవారు ఐశ్వర్యము కోల్పోయి కారాగారములపాలైరి. గవాజీల మాటకు లేన్ ఆధారము కనుగొనలేదు. అంతటితో నిలువక, దానశీలమునందే వీరు బర్మకీలను పోలియున్నారు, ఐతే ఆ దానము వేరు విధమైనదని తన మిత్రుడాడిన వేళాకోళమును గ్రంథమునకెక్కించెను. ఆ కొలది పుటలలోనే, వారు ఫారోల నర్తకుల సంతతివారై యుండవచ్చునను తన ఊహను సైతము వ్రాసెను. ఆయన కైరోలో ఉండగానే 1834 నాటి ఆజ్ఞ వెలువడినది. గవాజీలు తమ సామానుతో నైలునదిమీద దక్షిణమునకు పోయిరి.